ఎర్రటి వేలి మీద నల్లటి గీత

ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పుకుంటూ వస్తే, ముందు అవ్వ. రోలు ముందు కాళ్లు చాపుకుని, చీర కొంగు బొడ్లో దోపుకుని కూర్చుంది. ఆమె పక్కన అమ్మ యాదమ్మ, రేపటి ఓట్లలో ఉంగరం గుర్తు మీద సర్పంచు పదవికి నిలబడిన మనిషి. తర్వాత కుట్టుమిషను మీద బట్ట సగంలో వదిలేసి వచ్చిన పక్కింటి షబానా. ఆపైన కింది గల్లీ ఆడవాళ్లు, మీది గల్లీ ఆడవాళ్లు, వసారాలో గోడల పొడుగునా. వాళ్ల కాళ్లు తొక్కకుండా అటూ ఇటూ తిరుగుతున్న యాదమ్మ కూతురు, పదిహేనేళ్ల నవనీత. మగవాళ్లలో ఒక్కరూ లేరు. నాన్న కురుమూర్తి కొత్తకోటలో లారీల షెడ్డుకు పోయాడు. పొద్దు గూకేలోపు వస్తానన్నాడు.

ఇంకొక మనిషి కూడా ఇంట్లో ఉంది. లోపలి అర్రలో, జొన్నల బస్తాల పక్కన, పీట మీద. ఆ సంగతి నవనీతకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మనిషి పేరు ఈరమ్మ. రేపటి ఓట్లలో కత్తెర గుర్తు మీద యాదమ్మకు పోటీగా నిలబడింది ఆమే.

కిందటి వారం భాగం దాకా జరిగింది రెండు ముక్కల్లో చెప్పాలి. మొర్రిగుట్టలో పంచాయతీకి ఓట్లు ఎన్నడూ పడలేదు. సర్పంచు ఎవరో వెంకటన్న వాకిట్లో తేలిపోయేది. నలుగురు పెద్దమనుషులు తలలు ఊపితే ఏకగ్రీవమని కాగితం పోయేది. చాలాసార్లు ఆ సర్పంచు వెంకటన్నే. ఈసారి ఆ పదవి ఆడవాళ్లకు వచ్చింది. వెంకటన్న తడుముకోకుండా తన భార్య ఈరమ్మ పేరు రాయించాడు. యాదమ్మ కూడా ఎవరినీ అడగకుండా బిజినేపల్లి పోయి నామినేషన్ వేసి వచ్చింది. వెనక్కి తీసుకోమని బతిమాలారు, తర్వాత బెదిరించారు. ఆమె తీసుకోలేదు. అందుకని ఊళ్లో మొదటిసారి పంచాయతీకి డబ్బా పెట్టే రోజు వచ్చింది, అది రేపే. ఇక నిన్నా మొన్నా ఎలాగున్నా, ఆషాఢంలో మైదాకు నూరేది మాత్రం ఎప్పుడూ అవ్వ ఇంట్లోనే. ఊరు మొత్తానికి బాగా పండే గోరింట చెట్టు ఆ ఇంటి పెరట్లోనే ఉంది. ఓట్లు వచ్చాయని ఆషాఢం ఆగదు కదా. ఆడవాళ్లందరూ వేళ్లకు ముద్దలు పెట్టించుకుని, ఆముదపాకులు చుట్టించుకుని కూర్చున్న సమయాన, ఇంటి ముందు జీపు ఆగి, తలుపు చప్పుడైంది. అక్కడే మనం ఆగాం.

"ఎవరో చూడుండ్రే," అంది అవ్వ.

ఎవరు చూస్తారు? అందరూ తమ తమ చేతులు చూసుకున్నారు. పది వేళ్లకూ టోపీలు పెట్టుకున్న చేతులు. గడియ తియ్యడానికి పనికొచ్చే వేలు ఒక్కటీ లేదు.

"నా మోచెయ్యితోని తీస్త," అని షబానా లేవబోయింది.

"నువ్వు కూసో. తలుపంత మైదాకు పూస్తవు. నవనీతా, నీ ఎడమచెయ్యి ఖాళీనే కదనే?"

ఖాళీయే. పొద్దున నీళ్లు మోయాలని ఎడమచేతికి రాత్రే పెట్టించుకుంది నవనీత. అది అప్పటికే ఎర్రగా పండి, ఆరిపోయి ఉంది. కుడిచేతికి మాత్రం ఇంకా ముద్దలున్నాయి. అయితే ఆమె బాధ చెయ్యి గురించి కాదు. తలుపు తీస్తే అవతల ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లతో ఏదో ఒకటి మాట్లాడాలి. బడిలో సారు అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసినా, నవనీత ఆ జవాబును పక్క పిల్ల చెవిలో చెప్పి ఆ పిల్ల చేత చెప్పించే రకం. మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చునేది.

గడియ తీసింది. ముందు ఎన్నికల అధికారి జాహెదా మేడం. వనపర్తిలో కాలేజీలో పాఠాలు చెబుతుందట, ఓట్ల పని మీద ఇక్కడికి వేశారు. నామినేషన్లు తీసుకున్నది కూడా ఆమే. భుజాన సంచి, చేతిలో నీళ్ల సీసా. వెనక ఒక పోలీసు. వాళ్లిద్దరికంటే ముందే లోపలికి రాబోయి ఆగినవాడు వెంకటన్న.

"చూడుండ్రి మేడం!" అన్నాడు గడపలోంచే వేలు చూపిస్తూ. "నేను చెప్తే నమ్మకపోతిరి. ఒక్కొక్కతి చెయ్యి చూడుండ్రి."

ఆడవాళ్లు చేతులు వెనక్కి పెట్టుకోబోయి, చీరలకు అంటుతుందని మళ్లీ ముందుకు పెట్టుకున్నారు.

"రా బిడ్డా, రా. కూసో," అంది అవ్వ మేడంను చూసి. "నవనీతా, చాయ్ పెట్టు. పోలీసాయనకు గూడ."

"చాయ్ వద్దమ్మా. ఈ ఇంట్లో తాగితే ఆ ఇంట్లోనూ తాగాలె. ఇందాక వాళ్లింట్లో అన్నం తినమంటే కూడా ఇదే చెప్పిన." మేడం తన సీసాలోంచి ఒక గుక్క నీళ్లు తాగి మూత బిగించింది. "వెంకటన్న గారు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. చదువుతాను, అందరూ వినండి."

ఫిర్యాదు సారాంశం ఇది. ఓటు వేసినవాళ్ల ఎడమచేతి చూపుడువేలి మీద సిరా గీత పెడతారు, రెండోసారి వెయ్యకుండా. వేళ్లకు ఎర్రరంగు పట్టించుకుంటే ఆ గీత కనపడదు. యాదమ్మ ఈ ఉపాయంతోనే ఊళ్లో ఆడవాళ్లందరి వేళ్లకూ మైదాకు పెట్టిస్తోంది. కనుక రేపు ఎర్రని వేళ్లవాళ్లను ఓటు వెయ్యనివ్వకూడదు.

వసారా అంతా పిట్టల గుంపు లేచినట్టు లేచింది.

"ఓయమ్మో, గిదేం అన్యాలం!"

"ఆషాఢం గూడ యాదమ్మనే తెచ్చిందా సర్పంచు సాబ్?"

"మా అత్త సుత గిట్లనే పెట్టుకున్నది. ఆమె ఎవరికి దొంగ ఓటు ఏసింది?"

యాదమ్మ మాత్రం నవ్వలేదు. నవనీత అమ్మ ముఖం చూసింది. అమ్మ ఎందుకు నవ్వలేదో ఆమెకు అర్థమైంది. ఊళ్లో మగవాళ్లలో సగం మంది బొంబాయికి, పూణెకు కూలికి పోయారు. మిగిలినవాళ్లు వెంకటన్న ముందు నోరు తెరవరు. అమ్మకు ఉన్నదల్లా ఈ వసారాలో కూర్చున్న చేతులే. ఈ చేతులు రేపు ఓటు దగ్గరికి రాకూడదంటే, అమ్మ ఈ రోజే ఓడిపోయినట్టు.

"మేడం, నిజంగనే రానియ్యరా?" అని అడిగింది యాదమ్మ.

"చూడకుండా ఒప్పుకోను. చూడకుండా కొట్టివెయ్యను కూడా. ఆయన అడిగింది అడగదగ్గ మాటే. గీత కనపడకపోతే రేపు నేను ఎవరిని ఆపాలో, ఎవరిని పంపాలో నాకే తెల్వదు. పైన పరిశీలకులకు సాయంత్రంలోగా నేను జవాబు రాయాలి."

"మరి ఎట్ల తేలుస్తరు?" అన్నాడు వెంకటన్న, తేలదన్న ధైర్యంతో.

మేడం సంచిలోంచి ఒక చిన్న సీసా తీసింది. "మాకు శిక్షణలో ఇచ్చిన సిరా. రేపటి సీసాల సీలు రేపే తీస్తాం. ఇందులో ఇంకా కొంచెం ఉంది. మైదాకు పండిన వేలి మీద ఒక గీత పెట్టి చూద్దాం."

"నాకు పెట్టుండ్రి!" అని షబానా ఆకు చుట్టిన చెయ్యి చాచింది. ఆ వెంటనే వసారాలో ఉన్న చేతులన్నీ లేచాయి.

"ఆగండాగండి. ఈ గీత వారాలదాకా పోదు. ఇవ్వాళ పెట్టించుకున్నవాళ్లకు రేపు ఓటు ఉండదు."

లేచిన చేతులన్నీ ఒక్కసారిగా దిగిపోయాయి. పోలీసు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు.

"మరి మీ ఏలికి పెట్టుకోండ్రి," అంది అవ్వ. "మీకు ఈ ఊళ్లె ఓటు లేదు కద."

"నా చేతికి మైదాకు లేదమ్మా." మేడం తన ఖాళీ చేతులు చూసుకుని కొంచెం దిగులుగానే నవ్వింది. "ఈ డ్యూటీ పడ్డప్పటి నుంచి తీరిక ఏదీ?"

వెంకటన్న ముఖం వెలిగింది. "గదే మేడం! మైదాకు ఉన్నోళ్లకు ఓటు ఉన్నది. ఓటు లేనోళ్లకు మైదాకు లేదు. తేలేటట్టు లేదు. నా ఫిర్యాదు ఉంచుండ్రి, ఎర్ర ఏళ్లోళ్లను ఆపుండ్రి."

అతని మాట లెక్కగానే ఉంది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవనీత తన ఎడమచేతి వంక చూసుకుంది. చూపుడువేలు గోరు నుంచి రెండో కణుపు దాకా ముదురు ఎరుపు. మాట గొంతు దాకా వచ్చి ఎప్పట్లాగే కూర్చోబోయింది. ఈసారి పక్కన చెవిలో చెప్పడానికి ఏ పిల్లా లేదు. ఆ వసారాలో ఉన్న పిల్ల తనొక్కతే.

"నాకు లేదు," అంది.

ఎవరికీ వినపడలేదు.

"నాకు ఓటు లేదు మేడం!" తన గొంతు అంత పెద్దదని నవనీతకు అప్పటిదాకా తెలియదు. "నాకు పదిహేనేండ్లే. నా ఏలికి మైదాకు పండింది. నాకు పెట్టుండ్రి."

అవ్వ చేతిలోని పొత్రం ఆగిపోయింది. "నా తల్లే, మాట్లాడిందే!" అంది, మేడంతో కాదు, షబానాతో.

మేడం యాదమ్మ వైపు చూసింది. "బిడ్డకు గీత పెడితే మీకేమన్నా అభ్యంతరమా?" యాదమ్మ తల అడ్డంగా ఊపింది. అందరూ వాకిట్లోకి కదిలారు. మేడం నవనీత వేలు పట్టుకుని, గుడ్డతో తుడిచి, పుల్లతో గోరు మీది నుంచి కిందికి ఒక గీత గీసింది. చల్లగా తగిలింది. ఊదారంగు గీత, ఎర్రటి వేలి మీద అంతగా ఆనలేదు.

"కనపడుతలే!" అన్నాడు వెంకటన్న ఎగిరి.

"ఆగాలి. ఎండ తగిలితే నల్లబడుతుంది."

అందరూ పైకి చూశారు. సరిగ్గా అప్పుడే ఒక మబ్బు వచ్చి సూర్యుడి మీద కూర్చుంది.

"ఓ దేవుడా," అంది అవ్వ. "నిన్నటిదాక వానమబ్బు రావాలె రావాలె అని మొక్కిన. గిప్పుడు పో పో అంటే అదేమనుకుంటదో!"

ఊరి ఆడవాళ్లందరూ ఒక పిల్ల వేలి చుట్టూ మూగి, ఆకాశం వంక చూస్తూ నిలబడ్డారు. దారిన పోతున్న ఇద్దరు ముగ్గురు మగవాళ్లు కూడా ఎద్దుల తాళ్లు పట్టుకునే ఆగారు. వేలిని అలాగే ఎత్తి పట్టుకుని నవనీత సిగ్గుతో చచ్చిపోతోంది, అయినా దించలేదు.

వెంకటన్నకు ఓపిక పోయింది. "ఏం నల్లబడతది? జర రుద్దితే పోతది, చూడుండ్రి!" అని ముందుకు వచ్చి, ఎవరూ ఆపేలోపే నవనీత వేలు పట్టుకుని కుడి బొటనవేలితో గట్టిగా ఒక్క రుద్దు రుద్దాడు.

"తడి ఆరలేదండీ!" అని మేడం అరిచింది గాని, అప్పటికే అయిపోయింది.

అతను చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. నవనీత వేలి మీద గీత ఉంది, కొంచెం వెడల్పయింది. అతని బొటనవేలికి కూడా ఊదారంగు అంటింది. "గింతే గదా," అని పంచెకు తుడుచుకున్నాడు. అదే సమయానికి మబ్బు పక్కకు జరిగింది. ఎండ ఫెళ్లున వాకిట్లో పడింది.

తర్వాత జరిగింది ఊళ్లో ఎన్నాళ్లు చెప్పుకున్నారో లెక్కలేదు. ముందు నవనీత వేలి మీద గీత రంగు మారింది. ఊదా పోయి గోధుమ, గోధుమ పోయి నలుపు. ఎర్రటి వేలి మీద నల్లటి గీత, కాటుక పెట్టినట్టు, పది అడుగుల దూరం నుంచి కూడా కనపడేలా.

"మామూలు ఏలికన్న మైదాకు ఏలి మీదనే బాగ అగుపిస్తున్నది!" అని షబానా గెంతింది.

ఆ వెంటనే కింది గల్లీ ముసలామె ఎవరో అంది, "ఓ సర్పంచు సాబ్, నీ ఏలు గూడ చూసుకో."

వెంకటన్న చూసుకున్నాడు. కుడిచేతి బొటనవేలు కొస మొదలుకొని కణుపు దాకా నల్లగా మారుతోంది.

"అయ్యో, సర్పంచు సాబ్‌కు ఓటు పడిపోయిందే!"

"రేపు నువ్వు ఇంట్లనే పండుకో అన్నా, నీ ఓటు అయిపోయింది!"

నవ్వులు గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చాయి. వెంకటన్న ముఖంలో మాత్రం నవ్వు లేదు. అతను నిజంగానే భయపడ్డాడు. "నిమ్మకాయ ఇయ్యుండ్రి," అన్నాడు. అవ్వ నిమ్మకాయ ఇచ్చింది. పోలేదు. "చింతపండు." చింతపండుతో రుద్దాడు. పోలేదు. "గాసునూనె ఉన్నదా?" ఉంది. ఆ కిరసనాయిలు పోసి, బూడిద వేసి, కొబ్బరిపీచుతో తోమాడు. చర్మం ఎర్రబడింది గాని నలుపు నల్లగానే ఉంది.

"మెల్లగ కొడుకా," అంది అవ్వ జాలిగా. "ఏలు ఊడొస్తే గది గూడ మా పెరట్లనే పాతిపెట్టాలె."

"మేడం," అన్నాడు వెంకటన్న. అంతదాకా వినపడిన గొంతు కాదది. "నాకు ఓటు ఉండదా? ఒక్కసారి చెయ్యి తగిలితే ఓటు పోతదా? గిదేం న్యాయం?"

మేడం అతని చెయ్యి తీసుకుని చూసింది. నవ్వలేదు. "మీ ఓటు ఎక్కడికీ పోదు. ఇది కుడిచెయ్యి, బొటనవేలు. రేపు చూసేది ఎడమచేతి చూపుడువేలు. ఎట్లా అంటిందో నేను రాసి బూతులో ఇస్తాను, ఎవరూ మిమ్మల్ని ఆపరు. వీళ్ల ఓటు ఎట్లా కాపాడాలో మీ ఓటు కూడా అట్లే కాపాడాలి నేను."

వెంకటన్న గట్టిగా ఊపిరి వదిలాడు. నవనీత అతన్ని దగ్గర నుంచి చూస్తోంది. చింతపండు కారుతున్న ఆ చేతిని చూస్తే ఆమెకు నవ్వూ వచ్చింది, జాలీ వచ్చింది. తన ఓటు పోతుందంటే ఈయనకు ఇంత గుబులు పుట్టింది కదా, ఇందాక వసారా నిండా ఉన్న ఓట్లు తీసెయ్యమన్నప్పుడు ఆ గుబులు ఎక్కడుంది?

"ఇక సిరా సంగతి మీరే తేల్చారు," అంది మేడం. "నిమ్మకాయకు పోలేదు, గాసునూనెకు పోలేదు. మైదాకు మీద ఇంకా బాగా కనపడుతోంది. ఫిర్యాదు కొట్టివేస్తున్నా."

ఆడవాళ్లు కేకలు వేశారు. కొందరు చప్పట్లు కొట్టబోయి, చేతుల సంగతి గుర్తొచ్చి మోచేతులు కొట్టుకున్నారు.

అక్కడితో అయిపోయేదే. కానీ వెంకటన్న ఇరవై ఏళ్లు ఊరిని నడిపినవాడు. ఊరికే వెళ్లిపోతే పోయిన పరువు మళ్లీ రాదని అతనికి తెలుసు.

"సరే మేడం. గీత సంగతి ఒప్పుకుంట. ఇంకొకటి అడుగుత. పోటీ చేసే మనిషి ఇంట్లె, ఓటుకు ఒక్క దినం ముంగట, ఓటర్లను కూసోబెట్టి చేతులకు పెట్టి పంపుడు ఏంది? గది లంచం కాదా? నేను చీరలు పంచితే మీరు ఊకుంటరా?"

మేడం సంచి సర్దబోయి ఆగింది. ఇది కూడా అడగదగ్గ మాటే.

"అమ్మా," అంది మేడం అవ్వతో, "ఇది ప్రతి ఏడూ ఉందా?"

"నేను కోడలినై ఈ ఇంటికి వచ్చిన సంది. చెట్టు గూడ మా అత్త పెట్టింది. పైస తీసుకోను, ఎవరినీ పిలువను. అడిగినోళ్లకు పెడత."

"అడిగినవాళ్లు అందరికా? లేక మీ కోడలికి ఓటేసేవాళ్లకు మాత్రమేనా?"

"అందరికి."

"అవతలి పక్షం వాళ్లు ఎవరన్నా ఒక్కరు వచ్చారా? ఒక్కరి పేరు చెప్పండి, నేను రాసుకుంటా."

అవ్వ చుట్టూ ఉన్న ముఖాలన్నీ వెతికింది. అక్కడున్నవాళ్లు అందరూ యాదమ్మ వాళ్లే. అది ఊరందరికీ తెలుసు. వెంకటన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నవనీతకు మాత్రం ఒక పేరు తెలుసు. ఒక్క మాట చాలు. లోపలి అర్ర తలుపు పది అడుగుల దూరంలో ఉంది. ఈ పొద్దున పెరటి దారిన తలకు కొంగు కప్పుకుని వచ్చిన, ఊరి వరసకు పెద్దమ్మ అయిన ఈరమ్మ గుర్తొచ్చింది. "ప్రతి ఏడు మీ అవ్వతోని పెట్టించుకునేదాన్ని బిడ్డా. ఈసారి ఆయన గడప దాటొద్దన్నడు. నువ్వన్న పెట్టు. ఎవరికీ చెప్పకు. మీ అమ్మకు గూడ చెప్పకు," అంది. గోడలన్నిటి మీదా ఆమె ఫొటో అంటించి ఉంది, ఓటు వెయ్యమని చేతులు జోడించి. ఆ చేతులనే చాచి కూర్చుంటే, వాటికి నవనీత ఒక్కొక్క వేలికీ ముద్ద పెట్టి దారం చుట్టింది. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని చెప్పనని ఒట్టు వేసింది.

"బిడ్డా," అంది మేడం ఆమె ముఖం చూసి, "నీకేమన్నా తెలుసా?"

అమ్మ కూడా చూసింది. అమ్మ కళ్లలో ఆశ కనపడింది. నవనీతకు ఇందాక దొరికిన గొంతు ఇప్పుడు కూడా అక్కడే ఉంది, సిద్ధంగా. కానీ ఈసారి ఆమె దాన్ని తనంతట తానే మింగేసింది. తల దించుకుని వేలి మీద నల్ల గీత చూస్తూ నిలబడింది.

"చూసిన్రా మేడం?" అన్నాడు వెంకటన్న. "ఒక్క పేరు గూడ లేదు."

"ఉన్నది."

గొంతు లోపలి నుంచి వచ్చింది. అర్ర తలుపు తెరుచుకుంది. ఈరమ్మ గడప మీద నిలబడి ఉంది, కొంగు భుజం మీదికి జారి, రెండు చేతులూ ముందుకు చాచి. ఆకులన్నీ విప్పేసుకుంది. వేళ్లు పదీ ఎర్రగా మెరుస్తున్నాయి.

వాకిట్లో తలలన్నీ ఆమె చేతుల వైపు తిరిగాయి.

"నా పేరు రాసుకోండ్రి మేడం," అంది ఈరమ్మ. "ఈరమ్మ, భర్త వెంకటన్న. కత్తెర గుర్తు. నాకు గూడ పెట్టిన్రు. కొసలకు జర పలుచగ పెట్టిన్రు, కావాలంటే గది ఫిర్యాదు కింద రాయుండ్రి."

ముందుగా నవ్వింది అవ్వ. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. షబానా వసారా స్తంభానికి తల ఆనించి నవ్వింది. పోలీసు టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎద్దుల తాళ్లు పట్టుకున్న మగవాళ్లు కూడా, వెంకటన్న చూస్తున్నాడని తెలిసీ, నవ్వేశారు.

"నువ్వు... నువ్వు గిక్కడేంది?" అన్నాడు వెంకటన్న.

"ఆషాఢం కద," అంది ఈరమ్మ. "నువ్వు రాసిన ఫిర్యాదు మేడం ఒప్పుకుంటే రేపు నాకే ఓటు లేకుండె. ఓటు లేని సర్పంచమ్మ అయితుంటి."

వెంకటన్న ఏదో అనబోయి, నల్లబడ్డ బొటనవేలు చూసుకుని, ఆ వేలిని పిడికిట్లో దాచుకున్నాడు. "ఇంటికి నడువు," అన్నాడు.

"చెయ్యి కడుక్కొని వస్త. నువ్వు పో."

అతను కాసేపు నిలబడ్డాడు. ఆమె కదలలేదు. అతనే వెళ్లాడు. మేడం ఫిర్యాదు కాగితం మీద రెండు వాక్యాలు రాసి, సంతకం చేసి, సంచిలో పెట్టుకుంది. జీపు ఎక్కబోతుంటే అవ్వ రోట్లోని చివరి ముద్ద చూపించి, "నీకు దాచిపెడత బిడ్డా," అంది. "ఓట్లు లెక్కపెట్టి, ఎవరు గెలిచిన్రో చదివినంక వస్త అమ్మా. అప్పుడు పెట్టండి, రెండు చేతులకూ," అంది మేడం. దుమ్ము లేపుకుంటూ జీపు వెళ్లిపోయింది.

ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆకులు విప్పుకుంటూ, ఎవరి చెయ్యి ఎక్కువ పండిందో పోల్చుకుంటూ బయటికి నడిచారు. పోతూ పోతూ ప్రతి ఒక్కరూ నవనీత వేలు ఒకసారి పట్టి చూసి పోయారు. "మొర్రిగుట్టల మొదటి ఓటు గీ పిల్లదే," అంది షబానా. నవనీత ముఖం చేతికంటే ఎర్రబడింది. అయినా ఆ వేలిని దాచుకోలేదు.

ఈరమ్మ పెద్దమ్మ చేతులు కడుక్కుని వచ్చి నవనీత ముందు ఆగింది. "అడిగినప్పుడు గూడ చెప్పలే నువ్వు," అంది. "మీ అమ్మ ఓడిపోతదని తెలిసి గూడ చెప్పలే." నవనీత తలపై చెయ్యి పెట్టి తీసింది. ఆపైన యాదమ్మ వైపు తిరిగింది. ఆమె ముఖంలో ఇందాకటి నవ్వు లేదు.

"యాదమ్మా, లోపలికి రా. నీతోని ఒక్క మాట చెప్పాలె. రేపు డబ్బా కాడికి పోకముందే చెప్పాలె."

"ఏందక్కా?"

ఇద్దరూ అర్రలోకి నడిచారు. నవనీత కూడా వాళ్ల వెనకే వెళ్లి, తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. జొన్నల బస్తాల పక్కన ఈరమ్మ గొంతు బాగా తగ్గించింది.

"బొంబాయి పోయినోళ్లు ఒక్కరు గూడ తిరిగి రాలే కద. కాని వాళ్ల ఓట్లు రేపు పొద్దుగాలనే పడతయి. ఎవరేస్తరో నాకు ఎర్కే. మా ఇంట్లనే కూసోని..."

యాదమ్మ చేతిలోని ఆముదపాకు కింద పడింది. నవనీత తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేసింది. ఆ చప్పుడుకు ఈరమ్మ తలతిప్పి చూసింది. తలుపు రెక్క మీద ఉన్న ఎడమచేతిని, దాని మీద నల్లటి గీతను చూసింది. ఒక్క క్షణం ఆమె పెదవుల మీదికి నవ్వు తిరిగి వచ్చింది.

"ఓటు పడినోళ్లు బయటికి పోవాలె బిడ్డా. రూలు గదే," అంది.

నవనీత వేళ్లను ఒక్కొక్కటిగా మెల్లగా రెక్క మీది నుంచి తీసి, ఈరమ్మ తలుపు మూసింది. లోపల గడియ పడింది.